పళ్లెం కింది కాగితం

"అమ్మ అని రెండక్షరాలే కదా సార్ కొట్టాను, ఫైలు సైజు 12 బైట్లు చూపిస్తోందేం?" అని కంప్యూటర్ క్లాసులో ఒక పిల్ల అడిగింది. నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట కొట్టి సేవ్ చేస్తే నాలుగు బైట్లే. ఆ అమ్మాయికి ఇదేదో అన్యాయంలా తోచింది.

సగం జవాబు తేలికే. మనకు అవి రెండక్షరాలు, కంప్యూటరుకు నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్లీ మ. మవత్తుకు విడిగా నంబరు లేదు. రెండు 'మ'ల మధ్య పొల్లు కనిపిస్తే రెండోదాన్ని వత్తుగా గీసే పని ఫాంటుది. మరి ఒక్కో సంకేతానికి మూడేసి బైట్లెందుకు? నాకు భలే ఇష్టమైన కథ అక్కడుంది.

అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా నంబర్లు కేటాయించారు. అందులో క నంబరు 3093. ఒక బైటులో 255కు మించి పట్టదు కాబట్టి దాన్ని ముక్కలు చేయక తప్పదు. ముక్కలు చేయడం కష్టం కాదు. ఆ ముక్కలు పాత ప్రోగ్రాముల కంట పడినా గొడవ కాకుండా చూడటమే కష్టం. ఆ ప్రోగ్రాములకు తెలిసింది 1960ల నాటి ఆస్కీ పట్టిక ఒక్కటే, అందులో 128 సంకేతాలు. మొదట అక్షరాల నంబర్ల అంతర్జాతీయ ప్రమాణంతో పాటు వచ్చిన యూటీఎఫ్ అనే ముక్కల పద్ధతిలో ఏదో దేశపు అక్షరాన్ని ముక్కలు చేస్తే ఒక ముక్క 47 అయ్యే వీలుంది. ఆస్కీలో 47 అంటే స్లాష్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఫోల్డరు పేరుకూ ఫైలు పేరుకూ మధ్య హద్దు స్లాషే. అంటే పాపం ఆ అక్షరమున్న ఫైలు పేరు నడిమికి తెగిపోతుంది.

1992 సెప్టెంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టంకు తుది మెరుగులు దిద్దుతున్నారు. థాంప్సన్ అంటే యూనిక్స్‌ను పుట్టించినవాళ్లలో ఒకడు. ఆ పాత యూటీఎఫ్‌నే వాడుతూ, దాన్ని అసహ్యించుకుంటూ ఉన్నారు ఇద్దరూ. ఒక సాయంత్రం యూనిక్స్ ప్రమాణాలు చూసే ఎక్స్/ఓపెన్ కమిటీ నుంచి ఫోను: "స్లాష్ గొడవ లేని కొత్త పద్ధతి రాశాం, ఒకసారి చూసి చెబుతారా?" చూడటం దేనికి, అసలు మేమే చేస్తాం అనిపించింది వీళ్లకు. న్యూజెర్సీలో ఒక హోటలుకు భోజనానికి వెళ్లారు. అక్కడ పళ్లెం కింద వేసే కాగితం మీద థాంప్సన్ బిట్ల అమరిక గీసేశాడు.

ఆ కాగితం మీది ఉపాయం ఇది. బైటు 0తో మొదలైతే అది పాత ఆస్కీ సంకేతమే, దాని జోలికి పోవద్దు. 110తో మొదలైతే రెండు బైట్ల అక్షరం మొదలైంది. 1110 అయితే మూడు బైట్లది. ముందున్న ఒకట్లను లెక్కపెడితే చాలు, మొత్తం ఎన్ని బైట్లో తెలిసిపోతుంది. తర్వాత వచ్చే బైట్లన్నీ 10తోనే మొదలవ్వాలి. ఇప్పుడు మన 'క'ను వేసి చూద్దాం. 3093ను ఒకట్లు, సున్నాలుగా రాసి, ముందు సున్నాలు చేర్చి 16 అంకెలు చేస్తే 0000 110000 010101. మూడు ముక్కలకూ ముందు 1110, 10, 10 తగిలిస్తే 11100000, 10110000, 10010101. మామూలు అంకెల్లో 224, 176, 149. మూడూ 127కు పైనే, కాబట్టి స్లాష్‌గా పొరబడే ప్రసక్తే లేదు.

అసలు గొప్ప ఇంకొకటుంది. కమిటీ పద్ధతిలో లేనిదీ, థాంప్సన్ పట్టుబట్టిందీ అదే. రైలు కట్ట దగ్గర నిలబడినవాడికి ఏ పెట్టెను చూసినా అది ఇంజను కాదని తెలుస్తుంది, ముందుకు నడిస్తే ఇంజను దొరుకుతుంది. ఇక్కడా అంతే. ఫైలు మధ్యలో ఎక్కడ వేలు పెట్టినా, బైటు 10తో మొదలైతే అది అక్షరం నడుమని తెలుస్తుంది. ఒకటి రెండు బైట్లు వెనక్కి జరిగితే మన అక్షరం మొదలు దొరుకుతుంది. దారిలో ఒక బైటు పోతే పాడయ్యేది ఆ ఒక్క అక్షరమే, తర్వాతి వాక్యమంతా క్షేమం. ఇంత పనినీ ఒక్కో బైటు తలమీది కొన్ని బిట్లు చేస్తున్నాయి!

ఇది తెలిశాక తెలుగు సబ్‌టైటిల్స్‌లో కనిపించే చెత్తకు కూడా అర్థం దొరుకుతుంది. తలమీద గీతున్న చిన్న ఏ, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ మళ్లీ అవే. 224, 176 అనే బైట్లను పశ్చిమ యూరప్ పట్టికతో విడివిడిగా చదివితే వచ్చే బొమ్మలవి. దాదాపు అన్ని అచ్చులూ హల్లులూ, దీర్ఘం, గుడి వరకూ డిగ్రీ గుర్తే వస్తుంది. గుడిదీర్ఘం నుంచి రెండో బైటు 177 అవుతుంది కనుక అక్కణ్నుంచి ప్లస్-మైనస్ గుర్తు. ఈసారి అలాంటిది కనిపిస్తే తుడిచేయకండి. అక్షరాలు భద్రంగానే ఉంటాయి, చదివే పట్టికే తప్పు.

ఆ పిల్లకు తోచిన అన్యాయం సంగతికొస్తే, రెండు బైట్లలో పట్టేది 2047 వరకే. గ్రీకు, రష్యన్, అరబిక్ అందులో సర్దుకున్నాయి. హిందీ 2304 దగ్గర, మనం ఇంకా అవతల. ఇంగ్లీషుకు ఒకటి, మనకు మూడా అని కోపగించుకునేవాళ్లున్నారు. నాకైతే పెద్ద కోపం లేదు. ప్రతి తెలుగు అక్షరంలో మొదటి రెండు బైట్లు దాదాపు ఒకటే కనుక జిప్ చేస్తే చాలావరకు అణిగిపోతాయి.

మిగతా చరిత్ర చకచకా నడిచింది. ఆ భోజనం నుంచి వచ్చి రాత్రికి రాత్రే థాంప్సన్ కోడు రాశాడు, ఆ వారంలోనే ప్లాన్ 9 మొత్తం మారింది. 1993 జనవరిలో శాన్ డీగోలో జరిగిన యూనిక్స్ వాడుకరుల సంఘం యూజ్‌నిక్స్ సభలో లోకానికి చెప్పారు. మొదట ఆరు బైట్ల దాకా ఉన్న హద్దును 2003లో నాలుగుకు కుదించారు. ఇవాళ వెబ్‌లో దాదాపు అన్ని పేజీలూ యూటీఎఫ్-8 అని పేరుపడ్డ ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగుకు మాత్రం ఈ రక్షణ లేదు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. ఫాంటు పోతే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషే. మీ ఇంట్లో, మీ ప్రెస్సులో అలాంటి పుస్తకాల ఫైళ్లుంటే ఆ ఫాంటు ఇంకా పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్పించి, యూటీఎఫ్-8లో సేవ్ చేసి పెట్టండి.