మైత్రీవనం సందులో మళ్ళీ వెలిగిన బుల్లితెర!

మైత్రీవనం అనగానే మీకేం గుర్తొస్తుంది? జావా, పైథాన్, గోడల నిండా కోచింగ్ పోస్టర్లు, చేతికి కరపత్రాలు అందించే కుర్రాళ్ళు... అంతేనా?

సినిమా ప్రియులైతే ఇంకో రెండు సంగతులు చెబుతారు. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ షూటింగ్ జరుపుకున్న సారథీ స్టూడియో ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. ఈలలతో, కాగితం ముక్కలతో హోరెత్తిన సత్యం థియేటర్ కూడా అమీర్‌పేటదే. ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ వెలిసింది. మొత్తానికి ఈ పేటకి తెర కొత్తేం కాదు!

కానీ ఈ వారం మన కథ వెండితెరది కాదు, బుల్లితెరది. అదీ బొత్తిగా మూగబోయిన బుల్లితెరది. తారాగణం ముగ్గురే. జావా కోర్సు చేస్తున్న ఇరవై రెండేళ్ళ భువనగిరి కుర్రాడు, డెబ్బై దాటిన మెకానిక్ చాచా, నలభై అయిదేళ్ళ పైబడిన ఓ చెక్క పెట్టె. పేరు పలక ఏనాడో రాలిపోయింది కాబట్టి పెట్టెది ఏ కంపెనీయో అడక్కండి.

నాయనమ్మ షరతు

కుర్రాడి తాతగారు 1979లో ఆ టీవీ కొన్నారు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్‌లో. అంటే అప్పటికింకా రెండేళ్ళ పసిగుడ్డన్నమాట! బొమ్మ అందాలంటే డాబా మీద పొడుగాటి గొట్టం పాతి, దాని కొసన యాంటెన్నా కట్టాలి. ఒకరు పైకెక్కి తిప్పుతుంటే, ఇంకొకరు వాకిట్లో నిలబడి “వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది!” అని అరవాలి. వీధి వీధంతా ఆ ఇంట్లోనే కూర్చునేది. 1983లో శాంతిస్వరూప్ గారు తొలిసారి తెలుగు వార్తలు చదివినా, శుక్రవారం ‘చిత్రలహరి’ వచ్చినా ఆ వాకిలే థియేటరు.

ఇప్పుడా ఇల్లు అమ్మేశారు. దసరాకల్లా ఖాళీ చెయ్యాలి. కుర్రాడి నాన్న టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది. చివరికి రాజీ కుదిరింది. దసరాలోగా బొమ్మ వస్తే ఆమెతోపాటు కొత్త ఇంటికి, రాకపోతే తూకానికి.

ఒక ఆదివారం కుర్రాడు దాన్ని ఆటోలో వేసుకొచ్చి మైత్రీవనం వెనక సందులో చాచా దుకాణం ముందు దించాడు.

“చాచా, ఇది అయితదా?”

“అయితదో కాదో పెట్టె చెప్తది బేటా, నేను కాదు. ఇంట్ల ప్లగ్గు పెట్టి చూసినవా?”

“లేదు చాచా.”

“షాబాష్! సగం పని నువ్వే చేసినవ్.”

ప్లగ్గు పెట్టారో... టప్!

ఆ షాబాష్ ఎందుకో తెలుసా? ఏళ్ళ తరబడి మూలనపడ్డ సెట్లో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా కరెంటు ఇస్తే అవి పేలొచ్చు, పోతూ పోతూ ట్రాన్స్‌ఫార్మర్‌నీ వెంట తీసుకుపోవచ్చు. పైగా ఇలాంటి సెట్లలో చాలావాటికి ఛాసిస్ నేరుగా మెయిన్ కరెంటుకే కలిసి ఉంటుంది. ముట్టుకుంటే షాకే.

ఇంకో గండం పిక్చర్ ట్యూబు. దాని పక్కన రబ్బరు టోపీ కింద దూరే లావు వైరులో, సెట్టు నడిచేటప్పుడు సుమారు 15 వేల వోల్టులు ఉంటాయి. ఆపేశాక కూడా ట్యూబు ఆ కరెంటుని కొంతకాలం దాచుకోగలదు. అందుకే చాచా స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, ఆ వైరు రెండో కొస ఛాసిస్‌కి తగిలించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, టోపీ కిందకి పోనిచ్చాడు. ఆ తర్వాతే దుమ్ము దులపడం!

లోపల సగం వాల్వులు, సగం ట్రాన్సిస్టర్లు. ఆ రోజుల్లో రెండూ కలిసి కాపురం చేసిన సెట్లు మనదేశంలో చాలానే ఉండేవి. మన హైదరాబాద్ సంస్థ ఈసీఐఎల్ తెచ్చిన ఈసీ టీవీ ఇంటింటా మోగిన కాలమది. ఈసీఐఎల్‌ని నడిపించిన ఎ.ఎస్. రావు గారి పేరే ఇవాళ ఎ.ఎస్. రావు నగర్‌కి ఉంది.

ఎండిన కండెన్సర్లు మార్చాక, మెయిన్స్‌కి వరసలో వంద వాట్ల బల్బు పెట్టి చాచా కరెంటు ఇచ్చాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. బల్బు వెలగలేదు. వాల్వులూ వెలగలేదు!

“పెళ్ళి పందిరిల సీరియల్ బల్బులు చూసినవా? ఒక్కటి పోతే అన్నీ బంద్. ఇదీ గంతే” అన్నాడు చాచా. మీటరు పెట్టి ఒక్కో వాల్వూ చూస్తే లైన్ భాగంలోని పీఎల్ 504 పోయింది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరకలేదు. రెండు ఆదివారాలు ఎర్రగడ్డ సంతలో పాత రేడియోల గుట్టలు తవ్వితే దొరికింది. ఈలోగా దసరా మీద పడింది.

చెవి ఒకరిది, చెయ్యి ఒకరిది

ఈసారి వాల్వులు ఎర్రగా కళ్ళు తెరిచాయి. చాచా చెవి దగ్గర పెట్టి విన్నాడు. ముఖం మాడిపోయింది.

“ఈల వినొస్తలేదు. లైన్ నడుస్తలేదు.”

“నడుస్తంది చాచా! నాకు సన్నగ కూత వినొస్తంది!”

సంగతేమిటంటే... మన టీవీ బొమ్మలో 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. హెచ్చవేస్తే 15,625. సెకనుకి అన్నిసార్లు ఊగే ట్రాన్స్‌ఫార్మర్ చేసే సన్నటి కూతని కుర్ర చెవులు పట్టుకుంటాయి. వయసు మళ్ళితే ఆ శబ్దమే ముందు దూరమైపోతుంది. చాచా ఒక్క క్షణం ఆగి, “అట్లనా... మంచిది. ఇగ నా చెవి నువ్వే” అన్నాడు.

అంతలో తెర మధ్యన అడ్డంగా ఒక్కటే తెల్ల గీత! కుర్రాడు డీలా పడ్డాడు. చాచా మాత్రం ముందు బ్రైట్‌నెస్ తగ్గించాడు, లేకపోతే ఆ గీత ట్యూబు మీద శాశ్వతంగా కాలిపోతుంది. తర్వాత చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఎందుకంటే గీత వచ్చిందంటే ట్యూబు బతికుందన్నమాట. వాల్వు పోతే సంతలో వెతకొచ్చు. ట్యూబు పోతే? మనదేశంలో వాటి తయారీ ఆగిపోయి ఏళ్ళయింది.

గీతని పైకీ కిందకీ విప్పే పని పీసీఎల్ 805 వాల్వుది. దాన్ని మార్చినా గీత కదల్లేదు. కుర్రాడు భూతద్దం పెట్టి బోర్డంతా వెతికాడు. వాల్వు సాకెట్టు కాలి చుట్టూ వెంట్రుకవాసి పగులు! టంకం వదిలేసింది. కరెంటు తీసి, చాచా చెయ్యి వణుకుతుంటే కుర్రాడే సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు.

మళ్ళీ కరెంటు ఇచ్చారు. గీత మెల్లగా విప్పారి తెర నిండిపోయింది... చీమల దండుతో!

వాకిలి తెరవండి

సెట్టు రెడీ, మరి సిగ్నలేదీ? దూరదర్శన్ తన పాత పద్ధతి ప్రసారాలని 2022 నాటికి చాలామటుకు ఆపేసింది. అందుకని డీటీహెచ్ బాక్సుకీ సెట్టుకీ నడుమ ఒక మాడ్యులేటర్ పెట్టారు. ఛానెల్ మీట కటకటా తిప్పారు. గిరగిరా పైకి పోతున్న బొమ్మని వెర్టికల్ హోల్డ్ తిప్పి ఆపారు. యాదగిరి ఛానెల్లో ఓ పాత పాట... నలుపు తెలుపుల్లో, కాస్త మసగ్గా, అయినా నిండుగా!

చాచా కండెన్సర్లకీ వాల్వుకీ అయిన డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. మిగతాదానికి బదులు, క్లాసు అయ్యాక రోజూ వచ్చి సోల్డరింగ్ నేర్చుకోమన్నాడు. అతని పని అందిపుచ్చుకునేవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదు. పాడైతే బోర్డే మార్చేసే రోజులివి మరి!

దసరాకి ఇంకా నాలుగు రోజులుండగా కుర్రాడు ఇంటికి ఫోన్ చేశాడు.

“నానమ్మా, బొమ్మ వచ్చింది!”

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత ఆవిడ అన్న మాట ఇది: “అట్లయితే కొత్తింట్ల వాకిలి దగ్గర పెట్టుండ్రి బిడ్డా. జనం కూసోవాలె గద!”

అన్నట్టు, మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉందేమో చూడండి. ఉంటే తెలిసిన మెకానిక్‌కి చూపించండి. ప్లగ్గు మాత్రం పెట్టకండేం!