ప్లీహం జారితే..!

ఎడమవైపు పక్కటెముకల చాటున ఉంటుంది ప్లీహం. సుమారు 150 గ్రాముల బరువుండే దీన్ని జీర్ణాశయానికీ, మూత్రపిండానికీ పట్టి ఉంచేవి లిగమెంట్లనే పొరలు. కొందరికి ఇవి పుట్టుకతోనే సరిగా ఏర్పడవు. ఇంకొందరిలో గర్భిణిగా ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావంతోనో, మలేరియా లాంటి జబ్బులతో ప్లీహం బరువెక్కో సాగిపోతాయి. పట్టు తప్పిన ప్లీహం పొత్తికడుపు దాకా జారొచ్చు.

చాలాసార్లు ఏ ఇబ్బందీ ఉండదు. మెలిపడితేనే ప్రమాదం. రక్తసరఫరా ఆగి తీవ్రమైన నొప్పి వస్తుంది. డాప్లర్, సీటీ స్కాన్‌లలో సంగతి తెలుస్తుంది. ముందే గుర్తిస్తే ప్లీహాన్ని దాని చోట నిలిపి కుట్టేస్తారు. ఆలస్యమై అది దెబ్బతింటే తీసేయాల్సిందే. అప్పుడు ఇన్‌ఫెక్షన్లు రాకుండా టీకాలు తప్పనిసరి. అందుకే మాటిమాటికీ వచ్చిపోయే కడుపునొప్పిని 'గ్యాసేలే' అని కొట్టిపారేయకండి.