ఆకాశం తెల్లగా, చార్మినార్ నల్లగా... ఫొటో ఎందుకలా వస్తుంది?

ఊరి నుంచి దాదీమా వచ్చింది. ఇంటిల్లిపాదీ చార్మినార్ చూడ్డానికి వెళ్లారు, అక్కడ ఫొటో కూడా దిగారు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఆకాశం బాగానే ఉంది గానీ, మినార్లు నల్లటి నీడల్లా ఉన్నాయి. దాదీమా మొహమైతే అసలు కనిపించడమే లేదు. ఆమె మళ్లీ ఎప్పుడు వస్తుందో! ఇలాంటి ఫొటో చాలా ఇళ్లలో ఒకటైనా ఉంటుంది.

తప్పు ఫోనుది కాదు, దాదీమాది అంతకన్నా కాదు. నీడలో ఉన్న గోడ కంటే దాని వెనకున్న ఆకాశం పదహారు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వెలుగుతో ఉంటుంది. మన కన్ను ఆకాశం మీద నుంచి గోడ మీదికి మారగానే సర్దుకుంటుంది. కెమెరా మాత్రం ఫ్రేమ్‌లో ఉన్న వెలుతురునంతా కలిపి, సగటున ఎంత కాంతి తీసుకోవాలో లెక్క వేస్తుంది. దీన్నే ఎక్స్‌పోజర్ అంటారు. ఫ్రేమ్‌లో ఆకాశం ఎక్కువగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని కాంతిని తగ్గిస్తుంది. దాంతో గోడలూ, మొహాలూ నల్లబడతాయి.

మరి ఏం చేయాలి? ముందు ఎక్కడ నిలబడాలో చూసుకోండి. 1591లో కట్టిన చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉంటాయి. మనలో చాలామంది పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా, అంటే ఉత్తరం నుంచి వస్తాం. వచ్చిన చోటే నిలబడి ఫొటో తీసేస్తాం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మనకు కనిపించే ముఖం నీడలోనే ఉంటుంది. అదే పొద్దున తూర్పు వైపు నుంచి, సాయంత్రం లాడ్ బజార్ వైపు నుంచి తీస్తే ఎండ మన వీపు మీద, వెలుగు కట్టడం మీద పడుతుంది. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

వేరే వైపు నిలబడే వీలు లేకపోతే మీకు ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి.

మనుషులు ముఖ్యమైతే తెర మీద మొహాన్ని వేలితో తాకండి. చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరపండి. ఆకాశం తెల్లబడితే పడనివ్వండి, పర్వాలేదు. మనుషుల్ని కట్టడం దగ్గర కాకుండా మీకు రెండు మీటర్ల లోపు నిలబెట్టి ఫ్లాష్ వేస్తే ఇంకా మంచిది. ఫోన్ ఫ్లాష్ మొహాల దాకా వెళ్తుంది గానీ మినార్ల దాకా వెళ్లదు.

కట్టడం, ఆకాశం రెండూ కావాలంటే ఆకాశాన్ని తాకి, మబ్బులు కనిపించేదాకా వెలుగు తగ్గించి తీయండి. తర్వాత ఎడిటింగ్‌లో 'షాడోస్' పెంచితే నీడలో దాగిన వివరాలు చాలావరకు బయటికి వస్తాయి. పూర్తిగా తెల్లబడిన ఆకాశాన్ని మాత్రం వెనక్కి తేలేం. హెచ్‌డీఆర్ పెట్టుకుంటే ఫోనే వేర్వేరు వెలుగుల్లో కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆ క్షణం చెయ్యి కదలకూడదు. ఎదురుగా ఆటోలు, జనం కదులుతుంటే అక్కడక్కడా మసకలు రావచ్చు.

ఇవేవీ వద్దనుకుంటే ఇంకో తేలిక దారి ఉంది. మగ్రిబ్ తర్వాత పదిహేను, ఇరవై నిమిషాల పాటు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. అప్పటికి చార్మినార్ మీద దీపాలు వెలిగితే ఆకాశం వెలుగు, కట్టడం వెలుగు దాదాపు సమానమవుతాయి. పక్కనే మక్కా మసీదులో నమాజు చదువుకుని బయటికొచ్చేసరికి సరిగ్గా అదే సమయం. అప్పుడు దాదీమాను ఏదైనా దుకాణం దీపాల వెలుగులో నిలబెట్టి, ఆమె మొహం తాకి, చెయ్యి కదపకుండా ఫొటో తీయండి. ఇంటికెళ్లాక కాదు, అక్కడే ఒకసారి పెద్దది చేసి చూసుకోండి. బాగా రాకపోతే ఇంకోటి తీయడానికి దాదీమా ఇంకా మీ పక్కనే ఉంటుంది కదా!