తోట అంటే గార్డెన్ ఒక్కటేనా?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో మామిడి తోటలకు కొదువ లేదు. అయినా తెలుగు మీడియంలో చదువుకొనే పిల్లలను మామిడి తోటను ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే, "మ్యాంగో గార్డెన్" అనే జవాబు తరచుగా వస్తుంది. తోట అంటే గార్డెన్ అని చిన్న తరగతిలోనే కంఠస్థం చేశారు గదా! డిక్షనరీ తెరచి చూడండి. గార్డెన్ అంటే సాధారణంగా ఇంటిని ఆనుకొని పూలమొక్కలో, కూరగాయలో పెంచుకొనే స్థలం. పండ్ల చెట్లు పెంచేది ఆర్చర్డ్. కాఫీ, రబ్బరు వంటివి విస్తారంగా వేసినది ప్లాంటేషన్. మనం తోట అనే ఒక్క మాటతో సరిపెట్టుకొన్న చోట వారికి మూడు మాటలున్నవి.

అప్పు సంగతి మరీ చిక్కు. "బారో" అన్నా "లెండ్" అన్నా అప్పు అని నోటుపుస్తకంలో వ్రాసుకొన్న విద్యార్థి, బ్యాంకు రైతుకు డబ్బు "బారో" చేసిందని పరీక్షలో వ్రాస్తాడు. ఇచ్చినవాడు కాస్తా పుచ్చుకొన్నవాడైపోయాడు! తిరిగి ఇచ్చే తలంపుతో తీసుకోవడం బారో, తిరిగి వస్తుందని ఇవ్వడం లెండ్ అనే నిర్వచనం చదివితే ఈ పొరపాటు రాదు. రైతు బిడ్డకు ఆ తేడా ఒకరు విప్పి చెప్పాలా?

పదవ తరగతి ముగించి విజయవాడలో ఇంటర్మీడియట్‌లో చేరిన మన బిడ్డలు అనేకులు మొదటి నెలల్లోనే బెదిరిపోవడానికి కారణం ఇదే. లెక్క తెలుసు, లెక్కలో అడిగిన మాట తెలియదు.

ఒక మాటకు ఒక మాట చాలదని సి.పి. బ్రౌన్ దొరగారు ఏనాడో గ్రహించారు. 1817లో ఇండియాకు వచ్చిన ఆయన కడపలోను, మచిలీపట్నంలోను ఉద్యోగం చేస్తూ, జూలూరి అప్పయ్య వంటి పండితుల సహాయంతో తెలుగు మాటలను, వాటి ప్రయోగాలను కూర్చారు. ఆ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రణాలయంలో అచ్చయినది. పరభాష నేర్చుకొనే మనిషి పడే కష్టం ఎలాంటిదో దానిలో ప్రతి పుట చెబుతుంది.

విద్యార్థుల కొరకు 1978లో వెలువడిన లాంగ్‌మన్ డిక్షనరీ ఇంకొక మేలు చేసింది. సుమారు 2,000 తేలిక మాటలతోనే మిగిలిన మాటలన్నిటికీ అర్థం వివరించింది. ఆ తేలిక మాటలు పట్టుబడితే మిగిలినవి పిల్లలు తామే చదివి తెలుసుకోగలరు.

2021లో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇచ్చిన విద్యాకానుక సంచిలో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కూడ ఉన్నది. పెద్ద తరగతుల వారిదానిలో ఇంగ్లీషు వివరణ, తెలుగు అర్థం రెండూ ఉంటాయి. మీ ఇంట ఆ పుస్తకం ఉంటే ట్రంకుపెట్టెలో నుండి బయటకు తీయండి. రోజుకు నాలుగు మాటలు చాలు. ఇరవై అనవద్దు, నాలుగో రోజున మానుకొంటారు. ముందు ఇంగ్లీషు వివరణ చదివి, ఆ తరువాతనే తెలుగు చూడాలి. పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి. మన ఊరి సంగతి మీదనే ఒక వాక్యం వ్రాయాలి. మరునాడు ఒకసారి, వారం తరువాత మరొకసారి అవే మాటలు అడగాలి.

తల్లికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పొయ్యి దగ్గర కూర్చొనే, "అంటే ఎలాంటిదిరా? ఎప్పుడంటారు ఆ మాట?" అని అడగవచ్చును. బిడ్డ ఒక్క ముక్కలో జవాబు చెప్పి లేచిపోబోతే, ఇంకొకసారి డిక్షనరీ తెరవమనండి.