ఎనభై దాటగానే స్టీరింగ్ ఎందుకు అదురుతుంది?

హౌరాలో కారున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. "ఊళ్లో తిరిగినంతసేపూ బండి బాగానే ఉంటుంది. హైవే ఎక్కి ఎనభై దాటగానే స్టీరింగ్ అదురుతుంది. నూరు దాకా పోతే మళ్లీ తగ్గుతుంది. అలైన్‌మెంట్ చేయించినా పోలేదు. ఎందుకు?"

ఊళ్లో తెలియకపోవడానికి కారణం ఊరే. జి.టి. రోడ్డు మీద, హౌరా బ్రిడ్జి మీద ముప్పై దాటడమే గగనం. విద్యాసాగర్ సేతు దిగి, కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా సాంత్రాగాఛి దాటి, 16వ నంబరు జాతీయ రహదారి పట్టాకే చక్రానికి అసలు పరీక్ష మొదలవుతుంది. ఉలుబేరియా, బాగ్నాన్ మీదుగా పోయే ఈ రోడ్డే ఒడిశా దాటి ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి వచ్చి, శ్రీకాకుళం, విశాఖ, విజయవాడ మీదుగా చెన్నై చేరుతుంది. పండక్కి సొంతూరు బయల్దేరిన కుటుంబానికి దారి పొడవునా అదే అదురు. అందుకే దీన్ని బయల్దేరే ముందే తేల్చుకోవాలి.

లెక్క చూద్దాం. చిన్న కార్లకు వేసే 175/65 ఆర్14 టైరు ఒక చుట్టు తిరిగితే కారు సుమారు 1.83 మీటర్లు కదులుతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు పదమూడు చుట్లకు పైగా తిరుగుతోంది. రిమ్ అంచున ఒక పక్క 30 గ్రాములు ఎక్కువైతే చాలు, ఆ వేగంలో అది దాదాపు 4 కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. ఆ లాగుడు ప్రతి చుట్టుకూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి. 45 వేగంలో అదే 30 గ్రాముల బలం ఒక కిలోకు దిగిపోతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుందన్న మాట. ఊళ్లో తెలియని లోపం హైవే మీద బయటపడేది ఇందుకే.

మరి నూరు దగ్గర తగ్గడమేమిటి? చక్రానికీ, దాన్ని పట్టుకున్న సస్పెన్షన్‌కూ తమదైన ఊపు ఒకటి ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్లు. ఉయ్యాలను దాని ఊపుకు అందేలా తోస్తే చిన్న తోపుకే ఎంత పైకి లేస్తుందో, చక్రం చుట్లు ఆ సంఖ్యను అందుకున్నప్పుడు అదురు అంతలా పెరుగుతుంది. వేగం ఇంకా పెరిగితే లయ తప్పి అదురు సద్దుమణుగుతుంది. చేతికి తెలియనంత మాత్రాన లోపం పోయిందనుకోకూడదు. ఆ వేగంలో బేరింగు, బాల్ జాయింట్లు ఇంకా పెద్ద దెబ్బలే తింటున్నాయి.

ఇక అలైన్‌మెంట్ సంగతి. అది చక్రాలు ఏ వైపు చూస్తున్నాయో సరిచేసే పని. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. స్టీరింగ్ అదరడానికి అది నేరుగా కారణం కావడం చాలా అరుదు. అయినా అదురు అనగానే ముందు పడే బిల్లు దానిదే. డబ్బు పోయిందన్న బాధ ఒకటైతే, అసలు లోపం అలాగే ఉన్న బండితో దూరప్రయాణం చేయడం అంతకన్నా పెద్ద సమస్య.

కాబట్టి షాపుకు పోయే ముందు బండినే అడగాలి. అదురు చేతుల్లోనా, సీటులోనా? చేతుల్లో అయితే ముందు చక్రాలను, సీటులో, నేల మీద అయితే వెనక చక్రాలను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడే వస్తోందా? అయితే బ్రేకు డిస్కు మందం అంతటా ఒకేలా లేదని అర్థం. నీళ్లలో రోజుల తరబడి నిలిచిన బండికి, ప్యాడు ఆనినచోట తుప్పు పట్టి ఇలా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతోందా? ముందు చక్రాలతో నడిచే బండిలో అది డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు. ఖాళీ రోడ్డు మీద అదురు వస్తున్న వేగంలో ఒక్క క్షణం క్లచ్ నొక్కి ఇంజిన్‌ను నెమ్మదించనివ్వండి. అదురు అలాగే ఉంటే ఇంజిన్ తప్పు కాదు, చక్రాలతో పాటు తిరిగేదేదో తప్పు. నలభై లోపే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం చక్రం బరువును అంతటా సమం చేసే బ్యాలెన్సింగ్ దాకా పోనక్కర్లేదు. రిమ్ వంగిందేమో, టైరు ఉబ్బిందేమో చూడండి.

ఈ పద్ధతి హౌరా వైపు మెకానిక్కులకు పాతదే. ఇక్కణ్నుంచి బర్ధమాన్ మెయిన్ లైన్లో కాసేపు పోతే హింద్ మోటార్ అనే స్టేషనే ఉంది. ఆ పక్కన ఉత్తరపాడాలో 2014 మే దాకా అంబాసిడర్ తయారైంది. వెనక చక్రాలతో నడిచే ఆ బండిలో నేల కింద పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కన్నా నాలుగింతలకు పైగా తిరుగుతుంది. దాని జాయింటు అరిగితే వచ్చేది నేలలో సన్నటి జుమ్మనే మోత. చక్రం తెచ్చేది లెక్కపెట్టగలమా అనిపించే మోటు అదురు. ఏది ఎంత వేగంగా తిరుగుతుందో తెలిస్తే, అదురు వేగాన్ని బట్టే దోషిని పోల్చుకోవచ్చు. ఈ పరిశీలనకు ఏ యంత్రమూ అక్కర్లేదు, ఇంతకన్నా నమ్మదగ్గదీ నాకు కనబడలేదు.

హౌరాలో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటుంది, బురద. గట్టి వాన పడితే ఇక్కడి సందుల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో పోయిన బండి రిమ్ లోపలి వైపు బురద చేరి, ఎండి పెచ్చు కడుతుంది. బయటి నుంచి చూస్తే చక్రం శుభ్రంగానే ఉంటుంది. వానాకాలంలో ఉన్నట్టుండి అదురు మొదలైతే ముందు చక్రం విప్పి, లోపలి వైపు గీకి కడగండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. కడిగేటప్పుడే అతికించిన బ్యాలెన్సింగ్ బరువు ఊడిపోయిందేమో చూడండి. ఊడినచోట జిగురు మరక కనిపిస్తుంది.

అప్పుడూ పోకపోతే ముందు చక్రాలను వెనక్కు, వెనక వాటిని ముందుకు మార్చి అదే రోడ్డు మీద అదే వేగంలో నడపండి. అదురు చేతుల్లోంచి సీటులోకి మారితే తప్పు చక్రానిదే. మారకపోతే హబ్బు, బేరింగు, టై రాడ్ ఎండు, బుష్షులు చూడాలి.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. మెషీన్ సున్నా చూపించాక, చక్రం విప్పి సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనండి. మళ్లీ సున్నా వస్తే పని సరిగా జరిగినట్టు. అంకె బాగా మారితే చక్రం మెషీన్ కోను మీద సరిగ్గా కూర్చోలేదు. మధ్య రంధ్రం దగ్గర తుప్పో, మట్టో ఉంటే అలాగే అవుతుంది. బరువులు వేసినంత మాత్రాన గుండ్రం తప్పిన టైరు బాగుపడదు. దాన్ని పట్టడానికి సుద్దముక్క చాలు. బండిని గట్టి స్టాండు మీద నిలిపి, సుద్దను ఇటుక మీద ఆనించి టైరుకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకుని, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. గీత చుట్టూ పడితే దూరం సరిచేసుకోండి. ఒక్కచోటే పడితే అక్కడ టైరు లేచింది. రిమ్ అంచు దగ్గర పట్టి తిప్పితే రిమ్ వంకర కూడా అలాగే దొరుకుతుంది.

టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పాతబడిన టైరులో లోపలి తీగల పొరలు విడిపోతాయి. ముందు అదురు, తర్వాత ఉబ్బు, ఆపైన పేలుడు. ఉబ్బు కనిపించిన టైరును స్టెప్నీగా కూడా ఉంచకండి.

చక్రం విప్పిన ప్రతిసారీ నట్లను ఎదురెదురు వరుసలో బిగించి, ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా వేసి చూడండి. బిగుతు చాలని నట్టు కూడా ఇదే అదురు తెస్తుంది, అది చక్రం ఊడే దాకా పోతుంది. హైవే మీద అదురు ఉన్నట్టుండి మొదలై క్షణక్షణానికీ పెరుగుతుంటే ఇంటి దాకా లాగొద్దు. పక్కకు తీసి ఆపి, ముందు నట్లు చూడండి.