ముదిమికి రెండిండ్లు

ప్రొద్దుటూరులో ‘నర్సింగ్ హోం’ అని బోర్డు చూచి లోనికి పోయినచో కనిపించునది బాలింతలు, చీటీలు పట్టుకొని కూర్చున్న రోగులు, వాకిట మందుల షాపు. మన ఊళ్లలో ఆ మాటకు అర్థము అదియే: డాక్టరుగారి సొంత ఆసుపత్రి. ఇంగ్లండులోను, అమెరికాలోను ఆ పేరు వేరొకదానికి చెల్లినది. మంచము దిగలేని వృద్ధులను నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు కడపటి దినము వరకు, నర్సులు రేయింబవళ్లు కనిపెట్టి చూచెడి గృహమది. అమెరికానుండి కుమారుడు ఫోనులో ఆ మాట అన్నప్పుడు ఇక్కడి తండ్రి ‘నాకేమి జబ్బు?’ అని కోపగించుకొన్న వింత లేదు.

నా మిత్రులొకరు జమ్మలమడుగు ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పి విశ్రాంతి పొందినారు. భార్య గతించినది. పిల్లలిద్దరును దూరదేశములలో ఉన్నారు. మొన్న ఆయన కోయంబత్తూరునుండి వచ్చిన రంగుల పుస్తకమొకటి నా ముందు పరచి, “ఇది చూడప్పా! తోటలు, గ్రంథాలయము, గుడి, వేళకు భోజనము. పోదునా, వద్దా?” అని అడిగినారు. వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నవలన పుట్టినది.

ఆ పుస్తకములోనిది విశ్రాంతి నివాసము. ఇట్టివానికి పేరుపొందినది అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమందలి సన్ సిటీ. 1960 జనవరి 1న దానిని తెరచినారు. పిల్లలు పెద్దవారై వెడలిపోయిన దంపతులు, ఆరోగ్యముగా తిరుగుచున్నవారు, తమవంటివారి నడుమ ఉండుటకు అక్కడ ఇండ్లు కొనిరి. మన దేశములో కోయంబత్తూరు ఇట్టి నివాసములకు ప్రసిద్ధము. వీనిని కట్టువారికి, నడుపువారికి కేంద్రప్రభుత్వము 2019లో మాదిరి నియమములను వెలువరించినది. అక్కడ అమ్మబడునది ఇల్లు, తోడు, నిశ్చింత. కొనువాడు కాలుసేతులు ఆడుచున్నవాడు.

రెండవది, అనగా ఆ దేశములలోని నర్సింగ్ హోం, అమ్మునది చేతులను. ఈ మాటను కొంచెము విప్పవలెను. పక్షవాతము వచ్చి కదలలేని మనిషిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో వీపున, తుంట్ల వద్ద పడకపుండ్లు పడును. త్రిప్పుటకు సాధారణముగా ఇద్దరు కావలెను. అన్నము గొంతుకు అడ్డుపడకుండ తలయెత్తి పెట్టవలెను. మలమూత్రములెత్తి, తుడిచి, బట్ట మార్చవలెను. రాత్రి రెండు గంటలకును ఇదే పని. ఇందు గొప్ప వైద్యమేమియు లేదు. ఓర్పుగల చేతులు కావలెను, అవి పగటికొకజత, రాత్రికొకజత కావలెను. అందుచేతనే ఇది ఖరీదైన వ్యవహారము. అమెరికాలో వృద్ధులకుగల మెడికేరు బీమా సైతము, ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి, ఒక్కొక్క జబ్బు విడతకు నూరు దినములకు మించి దీనికి చెల్లింపదు. అటుపిమ్మట సొంత సొమ్ము, అది హరించిన తరువాత పేదలకై ఉన్న మెడికెయిడు.

మన ఇండ్లలో ఆ చేతులు కోడలివి, కూతురివి. వానికి జీతము లేదు, పేరును లేదు. ఇప్పుడు కడప జిల్లా స్త్రీలు ఎందరో కువైటులో ఇంటిపనికి కుదిరి అక్కడి ముసలివారికి స్నానములు చేయించుచున్నారు. ఇక్కడ జేజిని చూచుటకు మనిషి కరువు. ఆసుపత్రులు ఈ లోటును పూరింపవు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు పందొమ్మిదవ శతాబ్దపు చివరలో నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి నాటినుండి నేటి వరకు మన వైపు ఏ ఆసుపత్రికి పోయినను రోగివెంట ఒకరుండుట ఆచారము. వెంట మనిషి లేనివాడు అక్కడ సగము అనాథ.

వృద్ధాశ్రమము ఈ రెంటిలో ఏదియు కాదు. అది దిక్కులేనివారికి కూడు, గూడు ఇచ్చు ధర్మము. తమ పనులు తాము చేసికొనగలవారినే చేర్చుకొనునవి మన దేశములో పెక్కులున్నవి. 2007నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకు కనీసము ఒక వృద్ధాశ్రమము, అందు కనీసము 150 మంది నిరుపేదలకు చోటు కల్పింపవచ్చునన్నది. మంచాన పడినవారి మాట మరచిపోలేదనుటకు మన రాష్ట్రమున ఒక ఆధారమున్నది: 2024 జులైనుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు కాగా, పూర్తిగా మంచమునకే పరిమితమైనవారికి 15,000 ఇచ్చుచున్నారు. మేలైన పనియే. కాని సొమ్ము ఇంటికి వచ్చును, రాత్రి రెండు గంటలకు లేచు మనిషి దానితో రాడు. అదే ఏట అక్టోబరులో కేంద్రము 70 ఏండ్లు నిండినవారికి ప్రారంభించిన అయిదు లక్షల ఆరోగ్య బీమాయు ఆసుపత్రి చికిత్సకే.

ఉపాధ్యాయులు గమనింపవలసినది మరియొకటి. మన రాష్ట్రమున 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగములో చేరినవారికి పాత పద్ధతి పింఛను లేదు. పులివెందుల వైపు చీనీతోటల రైతుకు అది ఎన్నడును లేదు. ఆయన భరోసా అంతయు భూమియే. ఆ భూమిని బిడ్డలకు దానపత్రము వ్రాసి, నోటిమాట నమ్మి కూర్చుండుట మన ఆనవాయితీ. 2007 చట్టపు 23వ సెక్షను, పోషింతుమను షరతుతో ఆస్తి పొంది పోషింపనివారినుండి దానిని రద్దుచేయించు వీలు కల్పించినది. అయితే ఆ షరతు ఉన్నట్లు నిరూపింపవలెనని సుప్రీంకోర్టు 2022లో అన్నది. 2025 జనవరిలో, ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు అన్వయింపవలెనన్నది. షరతును పత్రములోనే వ్రాయించుకొనుట ఉత్తమము. ఫిర్యాదు వినునది ఆర్డీవోగారి ట్రిబ్యునలు. జమ్మలమడుగులోను, 2022నుండి పులివెందులలోను ఆ కార్యాలయములున్నవి.

ఇక నా మిత్రుని సంగతి. పోవలెనన్నను, మానవలెనన్నను ముందుగా తెలిసికొనవలసినది ఒక్కటియే యని ఆయనతో అన్నాను. ఆయన తెల్లకాగితముమీద, పాఠశాలలో ప్రశ్నపత్రము వ్రాసిన పద్ధతిలోనే, నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపినారు: నెలసరి ఖర్చు ఏటేట ఎంత పెరుగును? వద్దని వెడలిపోయినచో కట్టిన సొమ్ము తిరిగి వచ్చునా? డాక్టరు రాత్రివేళ ఉండునా? నేను మంచాన పడినచో చూచువారెవరు?

పదిదినములకు జవాబు వచ్చినది. మొదటి మూటికి లెక్కలతోసహా వివరముగా వ్రాసినారు. నాలుగవదానికి ఒక వాక్యము: “అట్టి పరిస్థితిలో మీ కుటుంబసభ్యులకు వెంటనే తెలియజేయుదుము.”