విన్నది గోరంత, వినాల్సింది కొండంత

మనలా ఆలోచించి, యంత్రాలు చేసి, ఆకాశాన్ని ఆరా తీసే జీవులు ఈ విశ్వంలో ఇంకెక్కడైనా ఉన్నారా? ఉన్నట్టు ఇంతవరకు ఒక్క రుజువూ దొరకలేదు. 1950లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ లాస్ అలమోస్‌లో భోజనాల దగ్గర తోటి శాస్త్రవేత్తలతో మాట్లాడుతూ, ఉంటే మరి ఎక్కడున్నట్టని అడిగారు. ఎవరూ లేరు కాబట్టే కనిపించడం లేదని తేల్చేసేవాళ్లు నేటికీ ఉన్నారు. ఎంత వెతికాక ఈ మాట అంటున్నామో లెక్క చూసుకుంటే, అది తొందరపాటు తీర్పని తెలుస్తుంది.

ఎక్కడ వినాలి?

1959లో భౌతిక శాస్త్రవేత్తలు జుసెప్పే కొక్కోని, ఫిలిప్ మారిసన్ 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. నక్షత్రాల మధ్య కబురు పంపడానికి రేడియో తరంగాలు అనువైనవని, 1,420 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకాలని అందులో సూచించారు. హైడ్రోజన్ సహజంగా వెలువరించే ఫ్రీక్వెన్సీ అది. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మూలకం హైడ్రోజనే కనుక, ఖగోళశాస్త్రం తెలిసిన ఏ జీవికైనా ఈ అంకె తెలిసే ఉంటుందని వారి తర్కం.

మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల రేడియో టెలిస్కోపును టావ్ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని నక్షత్రాల వైపు తిప్పి విన్నారు. రెండూ 10-12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అటునుంచి ఏ కబురూ రాలేదు గానీ, ఆధునిక అన్వేషణకు అదే తొలి అడుగు అయింది.

మన గోలే మనకు అడ్డు

నక్షత్రాలు, వాయుమేఘాలు చేసే రేడియో సందడి చాలా ఫ్రీక్వెన్సీల మీద పరుచుకుని ఉంటుంది. ఒకటి రెండు హెర్ట్జ్‌లకే పరిమితమైన సన్నని సంకేతం ప్రకృతిలో పుట్టినట్టు తెలియదు. అలాంటిది వినిపిస్తే దాని వెనుక ఒక ట్రాన్స్‌మిటర్ ఉండాలి. చిక్కల్లా ఆ ట్రాన్స్‌మిటర్ మనదే కావచ్చు. ఉపగ్రహాలు, విమానాలు, సెల్‌ఫోన్లు, చివరికి మన కంప్యూటర్లు కూడా ఇలాంటి సంకేతాలే విడుస్తాయి. అందుకే టెలిస్కోపును కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కకు, మళ్లీ నక్షత్రం వైపు తిప్పుతారు. అటు చూసినప్పుడే వినిపించి, పక్కకు తిప్పగానే ఆగిపోయినదే పరిశీలనకు నిలుస్తుంది.

2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుకు సరిగ్గా అలాంటిదే దొరికింది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దూరం 4.2 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ గ్రహం ఉన్నట్టు 2016లోనే తేలింది. ఆ వైపు చూసినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని సంకేతం నమోదైంది, పక్కకు తిప్పినప్పుడు కనిపించలేదు. దానికి బీఎల్‌సీ1 అని పేరు పెట్టారు. శాస్త్రవేత్తలు పండగ చేసుకోకుండా పాత రికార్డులన్నీ తిరగేశారు. అచ్చం అదే తీరు సంకేతాలు వేరే ఫ్రీక్వెన్సీల మీద పదుల సంఖ్యలో బయటపడ్డాయి. వాటిలో కొన్ని టెలిస్కోపు పక్కకు తిరిగి ఉన్నప్పుడూ ఉన్నాయి. ఆ ఫ్రీక్వెన్సీల మధ్య దూరాలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో వాడే ఆసిలేటర్ల లెక్కకు సరిపోయాయి. అది మన సరుకేనని 2021లో ప్రకటించారు. తమకు దొరికినదాన్ని తామే ఇంత కఠినంగా పరీక్షించగలిగారు గనుకే, రేపు వీళ్లు నిజంగా దొరికిందంటే మనం నమ్మగలం.

ఎంత విన్నాం?

ఏ దిక్కున, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ సమయాన, ఎంత బలహీనమైన సంకేతం కోసం వెతకాలి? ఇవన్నీ కలిపి 2018లో ఖగోళ శాస్త్రవేత్త జేసన్ రైట్ బృందం లెక్క కట్టింది. వెతకాల్సినదంతా భూమ్మీది సముద్రాల నీళ్లనుకుంటే, అప్పటికి పరీక్షించింది ఒక చిన్న ఈతకొలను పాటిదే. ఆ కాసిని నీళ్లలో చేప లేనంత మాత్రాన సముద్రంలోనే లేదనలేం.

కాలం సంగతీ చూడాలి. భూమి వయసు సుమారు 450 కోట్ల ఏళ్లు. సూక్ష్మజీవులు కనీసం 350 కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. జంతువులు వచ్చింది సుమారు 60 కోట్ల ఏళ్ల కిందట. రేడియో వచ్చి 130 ఏళ్లే. రెండు వందల ఏళ్ల కిందటి భూమిని ఎవరైనా రేడియోలో విని ఉంటే, ఇక్కడ ఎవరూ లేరనే రాసుకునేవారు. వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నవారికి మన భూమి ఈ రోజుకూ మూగదే. మన పాలపుంత వెడల్పేమో సుమారు లక్ష కాంతి సంవత్సరాలు.

అలాగని తప్పకుండా ఉన్నారనీ అనకూడదు. ఇతర నక్షత్రాల చుట్టూ 6,000కు పైగా గ్రహాలు బయటపడ్డాయి కాబట్టి చోటుకు కొదవ లేదు. కానీ జీవం పుట్టడం, అది తెలివిని సంతరించుకోవడం ఎంత సులువో చెప్పడానికి మన దగ్గరున్న ఉదాహరణ భూమి ఒక్కటే. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నమంతా ఉడికిందనడం విశ్వం విషయంలో చెల్లదు.

కాబట్టి చేయాల్సింది వింటూ ఉండటమే. నాసా 1992లో మొదలుపెట్టిన అన్వేషణకు అమెరికన్ కాంగ్రెస్ మరుసటి ఏడాదే నిధులు ఆపేసింది. ఆ తర్వాత ఈ పని ఎక్కువగా దాతల డబ్బుతోనే సాగింది. 2015లో ప్రకటించిన బ్రేక్‌త్రూ లిజన్ అన్వేషణ కూడా అలాంటిదే. మనిషి అడిగిన అతి పెద్ద ప్రశ్నల్లో ఒకటి ఇలా దాతల దయ మీద ఆధారపడకూడదు. ప్రభుత్వాలు దీన్ని ఖగోళ పరిశోధనలో మామూలు భాగంగా చూసి, ఏటా నిధులు ఇవ్వాలి. ఉన్నారని తేలినా, లేరని తేలినా, విశ్వంలో మన స్థానమేమిటో అప్పుడే మనకు తెలుస్తుంది.